చీటీకి జవాబెవరిస్తారు? అంబత్తూరులో ఆరు నెలల కైజెన్ సేవపై రివ్యూ

చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లోని చిన్న ప్రెస్ షాపులకు, మెషీన్ షాపులకు కైజెన్, అంటే పనిచేసేవాళ్ల ఆలోచనలతోనే పనిని కొద్దికొద్దిగా మెరుగుపరుచుకుంటూ పోవడం, నేర్పిస్తామని వచ్చేవాళ్లకు కొదవ లేదు. వాటిలో ఒక సేవ గురించే ఈ రివ్యూ. ఒప్పందం ఆరు నెలలు. నెలకు నాలుగు రోజులు ఇద్దరు మనుషులు షాప్ ఫ్లోర్ మీదికి వస్తారు. ఒకరు తమిళం మాట్లాడతారు, ఇంకొకరు తెలుగు. ఆరడుగుల బోర్డు ఒకటి, పనివాళ్లు సలహాలు రాసే చీటీల కట్టలు, ఎర్ర ట్యాగులు, పని నేర్పే షీట్ల నమూనాలు వాళ్లే తెస్తారు. పని జరిగింది నాలుగు పవర్ ప్రెస్సులు, చిన్న టూల్ రూం, రెండు షిఫ్టులు, నలభై రెండు మంది ఉన్న షాపులో. బ్రాకెట్లు, క్లాంపులు, వాషర్లు కొట్టి బండ్ల కంపెనీలకు సరుకు చేసే పెద్ద వెండర్లకు ఇస్తారు. ఆపరేటర్లలో నగరి, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు వాళ్లు బాగానే ఉన్నారు. మిగతావాళ్లలో తమిళులు, ఒడిశా కుర్రాళ్లు. పేర్లు అక్కర్లేదు. ఇక్కడి మంచిచెడ్డలు ఏ సేవను పిలిచినా చూసుకోవలసినవే.

ముందే తేల్చి చెప్పాలంటే ఐదుకు మూడున్నర. మెషీన్ పక్కన నిలబడి మనిషి మాట వినడంలో ఈ సేవకు పూర్తి మార్కులు వేయవచ్చు. సూపర్‌వైజర్‌ను తయారు చేయడంలో సగం మార్కులే. ‘ఈ పని తగ్గితే నా ఉద్యోగం ఏమవుతుంది’ అన్న భయానికి జవాబు చెప్పడంలో దాదాపు సున్నా.

ఈ చుట్టుపక్కల కైజెన్ అన్న మాట కొత్తది కాదు. పక్కనే ఉన్న పాడిలో సుందరం క్లేటన్ బ్రేక్స్ విభాగం 1998లో, నాణ్యతకు జపాన్‌లో ఇచ్చే డెమింగ్ ప్రైజ్ తెచ్చుకుంది. మన దేశంలో ఆ బహుమతి అందుకున్న మొదటి కంపెనీ అదే. అంతకుముందే 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో క్వాలిటీ సర్కిళ్లు (పనివాళ్లే కూర్చుని తమ పనిలో లోపాలు దిద్దుకునే చిన్న బృందాలు) మొదలయ్యాయి, 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా పుట్టింది. అందుకే ఏ షాపులోకి వెళ్లినా గోడమీద ఫైవ్ ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచుకునే ఐదు మెట్ల పద్ధతి) పోస్టరు కనిపిస్తుంది, గేటు దగ్గర సలహాల పెట్టె కనిపిస్తుంది. పెట్టెకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. సలహాలు రాక కాదు ఆ పెట్టెలు ఖాళీ అయింది, వేసిన చీటీకి జవాబు రాక. ఈ సేవ ఆ సంగతి పట్టుకుంది. దాని అసలు విలువ అక్కడే ఉంది.

పెట్టె తీసేసి, ఆ స్థానంలో అందరికీ కనబడే బోర్డు పెట్టారు. పెట్టిన చోటు కూడా సరైనదే. ఆఫీసు వరండాలో కాకుండా తాగునీళ్ల డ్రమ్ము పక్కన పెట్టారు. షిఫ్టులో ప్రతి మనిషీ మూడు నాలుగుసార్లు వచ్చే చోటు అది. బోర్డుమీద ఐదు గళ్లు: కొత్తవి, చూస్తున్నవి, ట్రయల్, అయినవి, కాదన్నవి. కాదన్న చీటీలకు విడిగా గడి ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ బోర్డును నిలబెట్టేది అదే. చీటీ వేసిన రెండు పనిదినాల్లోపు ఎవరో ఒకరు ఆ మనిషి దగ్గరికే వెళ్లి మాట్లాడాలి. అతన్ని ఆఫీసుకు పిలిపించకూడదు. ఏడు రోజుల్లో ట్రయల్ అయినా మొదలవ్వాలి, కాదంటే కారణమైనా ముఖాముఖి చెప్పాలి. కారణం చీటీ వెనక రాసి కాదన్నవాటి గడిలో గుచ్చాలి. కారణం తెలిసిన మనిషి రెండో చీటీ రాస్తాడు. జవాబే రాని మనిషి మళ్లీ రాయడు, పక్కవాడిని కూడా రాయనివ్వడు.

చీటీ విషయంలో ఒక సవరణ వీళ్లు బాగా చేశారు. మొదట తెచ్చిన చీటీలో పైన తమిళం, కింద తెలుగు అచ్చువేశారు. మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదవడం, రాయడం తమిళంలోనే వచ్చు. ఊళ్లనుంచి వచ్చిన కుర్రాళ్లకు తెలుగు రాయడం వచ్చినా ‘తప్పులు పోతే నవ్వుతారు’ అన్న బెరుకు. ఒడిశా వాళ్లకు రెండూ రావు. రెండో నెలలో చీటీని మార్చారు. పైసగం ఖాళీగా ఉంటుంది, బొమ్మ గీయడానికి. కిందసగంలో రెండే రెండు ప్రశ్నలు: ఏది ఇబ్బంది, ఏం చేస్తే బాగుంటుంది. రాయలేనివాళ్లు నోటితో చెబితే లైన్ లీడర్ చెప్పినట్టే రాసి, చెప్పిన మనిషి పేరే పైన పెడతాడు. చెప్పినట్టే అన్నది ముఖ్యం. ‘బుట్ట కింద ఉండాది. వంగి వంగి నడుము నొస్తాది. పైకి పెడితే బాగుంటాది’ అని చెప్పిన మాటను ‘ఎర్గోనామిక్స్ మెరుగుపరచుట’ అని దిద్దితే చెప్పినవాడికే అది తన చీటీలా అనిపించదు.

ఆ బుట్ట సంగతే దగ్గరనుంచి చూద్దాం. ఒక ప్రెస్ ఎడమవైపు నేలమీద ఉన్న క్రేట్‌లోంచి ఆపరేటర్ ఒక్కొక్క బ్లాంకూ (ప్రెస్‌లో పెట్టడానికి కోసి ఉంచిన రేకు ముక్క) వంగి తీస్తున్నాడు. క్రేట్ నిండుగా ఉన్నప్పుడు కాస్త వంగితే చాలు, అడుగుకు వచ్చేసరికి నడుము పూర్తిగా వంచాలి. చీటీ అడిగింది స్టాండ్. కన్సల్టెంట్ వెంటనే సరేనని కొలతలు తీసుకోలేదు, ముందు రెండు షిఫ్టుల ఆపరేటర్లనూ పిలిచి నిలబెట్టాడు. ఒకరు పొడవు, ఒకరు పొట్టి. ఒకరి మోచేతి ఎత్తుకు చేస్తే ఇంకొకరు భుజం ఎత్తాలి. చివరికి పాత యాంగిల్ ముక్కలతో స్టాండ్ కట్టి, కాళ్లకు యాభై మిల్లీమీటర్ల దూరంలో రంధ్రాలు వేసి, పిన్నుతో ఎత్తు మార్చుకునేలా చేశారు. పైన క్రేట్‌ను ఆపరేటర్ వైపు కాస్త వాల్చి పెట్టారు. దాంతో అడుగున ఉన్నవీ ముందుకే జారి వస్తాయి. ఖర్చు వెల్డింగ్ రాడ్లు, ఒక పూట పని. ట్రయల్ మొదటిరోజే ఒక తప్పు బయటపడింది. స్టాండ్ కాళ్లు స్క్రాప్ ట్రాలీ దారికి అడ్డం వచ్చాయి. కాళ్లు లోపలికి జరపాలని చెప్పింది ట్రాలీ తోసే హెల్పరే. అతని పేరు కూడా అదే చీటీమీద రాశారు. ఇలాంటి చిన్న మర్యాదలో ఈ ఇద్దరికీ లోటు లేదు.

అయితే చీటీలు పెరిగాక ఏం జరుగుతుందో వీళ్లు ముందుగా లెక్క వేయలేదు. మనిషికి నెలకు ఒక చీటీ అనుకుంటే నలభై రెండు. ఒక్కోదానికి ఫిట్టర్ పని గంటన్నర అనుకుంటే అరవై మూడు గంటలు. ఆ షాపులో ఉన్నది ఒకే ఫిట్టర్, బ్రేక్‌డౌన్లూ డై (రేకును ఆకారంలోకి కొట్టే అచ్చు) రిపేర్లూ అన్నీ అతని నెత్తినే. మూడో నెలకు ‘చూస్తున్నవి’ గడి నిండి చీటీలు ఒకదానిమీద ఒకటి గుచ్చాల్సి వచ్చింది. ఆలోచనలకు కరువు లేదు, కరువంతా టూల్ రూం గంటలకే. దానికి రెండు దారులున్నాయి. శనివారం రెండు గంటలు ఫిట్టర్‌ను పూర్తిగా చీటీల పనికే వదలాలి, ఎంత అర్జెంటు ఆర్డరు ఉన్నా ఆ గంటలు ముట్టకూడదు. రెండోది, బెంచి మీద ఒక చిన్న డ్రిల్లు, రివెట్లు, యాంగిల్ ముక్కలు, రేకు కత్తెర పెట్టి, ప్రమాదం లేని పనులు ఆపరేటర్లే చేసుకోనివ్వాలి. దానితోపాటు ఐదు వందల రూపాయల వరకు ఎవరినీ అడక్కుండా ఖర్చుపెట్టే అధికారం సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. ఒక బోల్టుకు ఓనర్ సంతకం కావాలంటే ఏడు రోజుల మాట నిలబడదు. ఇవన్నీ నాలుగో నెలలో గాని మొదలు కాలేదు. మొదటివారంలోనే పెట్టాల్సినవి.

ఈ సేవలో అన్నిటికన్నా నచ్చింది రెండు చేతుల బటన్ విషయం. పవర్ ప్రెస్‌కు రెండు బటన్లు ఎందుకంటే, రెండు చేతులూ వాటిమీద ఉంటేనే ర్యామ్ (పైనుంచి దెబ్బ కొట్టే భాగం) దిగాలి, చేతులు డైలో లేవన్న భరోసా అప్పుడే. ఒక ప్రెస్‌మీద ఎడమ బటన్‌లో రేకు ముక్క ఇరికించి, కుడి చేత్తోనే నడిపిస్తున్నారు. మామూలుగా ఇలాంటిది కనబడితే మెమో ఇస్తారు, ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని రాసి ఫైలు మూస్తారు. వీళ్లు ముందు ప్రెస్ ఆపించారు. ‘ఎవరు పెట్టారు’ అని అడగలేదు, ‘ఎడమ చేతికి ఇక్కడ ఏం పని ఉంది’ అని అడిగారు. పార్టు డైలోంచి పైకి లేవడం లేదట, ఎడమ చేత్తో గిల్లి తీయాల్సి వస్తోందట. ఎందుకు లేవడం లేదంటే పార్టును పైకి తోసే ఎజెక్టర్ స్ప్రింగుల బలం తగ్గింది. ఎందుకు మార్చలేదంటే డై విరిగినప్పుడే టూల్ రూంకు వెళుతుంది, అంతవరకు ఎన్ని స్ట్రోకులు కొట్టిందో లెక్క లేదు. లెక్క ఎందుకు లేదంటే ప్రెస్‌మీద కౌంటర్ పాడై చాలాకాలమైంది, అది చూడటం ఎవరి పనో ఎక్కడా రాసి లేదు. ‘ఎందుకు’ అన్న ప్రశ్న ఐదుసార్లు అడగడమంటే ఇది. చివరి జవాబు ఒక మనిషి పేరైతే అడగడం మధ్యలోనే ఆగిపోయినట్టు.

స్ప్రింగులు మార్చారు, కౌంటర్ పెట్టారు, డైకి ఇన్ని స్ట్రోకులకు ఒకసారి విప్పి చూడాలని కార్డు తగిలించారు. రెండు బటన్లూ అర సెకను తేడాలోపు నొక్కితేనే, ప్రతి స్ట్రోకు తర్వాత రెండూ వదిలితేనే మళ్లీ నడిచే సేఫ్టీ రిలే వేశారు. దాంతో బటన్ ఇరికించినా ప్రెస్ కదలదు. రిలే ఒక్కటే వేసి స్ప్రింగులు మార్చకపోతే కుర్రాళ్లు మరో ఉపాయం వెతుక్కునేవాళ్లు, ఎందుకంటే టార్గెట్ అలాగే ఉంటుంది, పార్టు అతుక్కోవడమూ అలాగే ఉంటుంది.

ఇంత బాగా చేసినవాళ్లు శిక్షణ స్లయిడ్లలో మాత్రం ఒక మాట తప్పు వాడారు. కుడి, ఎడమ బ్రాకెట్లు కలిసిపోకుండా డైలో ఆరు మిల్లీమీటర్ల పిన్ను పెట్టి, బ్లాంకును తిరగేసి పెడితే కూర్చోకుండా చేశారు. పని చక్కగా ఉంది. దానికి పెట్టిన పేరు ‘ఫూల్ ప్రూఫ్’, కింద తెలుగులో ‘తెలివితక్కువవాళ్లు కూడా తప్పు చేయలేనిది’. జపాన్‌లో షిగేవో షింగో అనే ఇంజనీరు మొదట ఇదే అర్థం వచ్చే ‘బాకా-యోకె’ అన్న మాట వాడేవాడు. 1963లో అరకావా ఆటో బాడీ కంపెనీలో ఒక కార్మికురాలు, నేనంత తెలివితక్కువదాన్నా అని ఏడ్చిందని తెలిసి, దాన్ని ‘పోకా-యోకె’గా మార్చాడు. పోకా అంటే ఎవరికైనా జరిగే పొరపాటు. ‘పొరపాటు కాపు’ అంటే మనకు సరిపోతుంది, ఆ స్లయిడు దిద్దుకోవాలి.

ఎర్ర ట్యాగుల రోజున జరిగింది పెద్ద తప్పు. అక్కర్లేని సామానుకు ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టడం ఫైవ్ ఎస్‌లో మొదటి మెట్టు. ఆపరేటర్ల దగ్గర బిస్కెట్ డబ్బాల్లో రేకు ముక్కలు, వంచిన కడ్డీలు, అరిగిన పిన్నులు కనిపించాయి. అవన్నీ తుక్కని ఒకే మధ్యాహ్నం తూకానికి వేశారు. వాటిలో సున్నా పాయింట్ రెండు మిల్లీమీటర్ల షిమ్ ముక్కలు (ఎత్తు సరిచేయడానికి కింద పెట్టే పలుచటి రేకులు) ఉన్నాయి. ఒక ప్రెస్ బోల్‌స్టర్ (డై కూర్చునే బల్ల) ఒక మూల అరిగి ఉంది. ఆ మూల కింద ఆ షిమ్ పెడితేనే డై సమంగా కూర్చుంటుంది. ఆ సంగతి డై బిగించే సెట్టర్ ఒక్కడికే తెలుసు, ఏ డ్రాయింగులోనూ లేదు. మర్నాడు డై మార్చేటప్పుడు ఒకవైపు బర్ (కోసిన అంచున మిగిలే గరుకు) ఎక్కువ రావడం మొదలైంది, కారణం దొరికేసరికి సగం షిఫ్టు పోయింది. ఆ డబ్బాల్లో ఉన్నది చెత్త కాదు, ఎవరూ అడగని, ఎవరూ రాసిపెట్టని అనుభవం. ట్యాగు కట్టేముందు ‘ఇది దేనికి వాడతావన్నా’ అని అడగాలి. జవాబు ట్యాగుమీద రాయాలి. ట్యాగు కట్టిన సామాను నెలరోజులు ఒక గడిలో ఉంచి, ఎవరూ తీసుకోకపోతేనే పంపేయాలి. అసలు కైజెన్ ఆ డబ్బాలోనే మొదలవుతుంది: షిమ్ ఎందుకు కావాల్సి వస్తోంది అన్న ప్రశ్నతో బోల్‌స్టర్‌ను గ్రైండింగ్‌కు పంపడం.

స్టాప్‌వాచ్ విషయంలో పద్ధతి బాగుంది. చేతిలో వాచీ కనబడగానే పనివాళ్లు రెండు రకాలుగా మారతారు, కొందరు భయంతో వేగం పెంచుతారు, కొందరు టార్గెట్ పెరుగుతుందని తగ్గిస్తారు. రెండు రీడింగులూ పనికిరావు. వీళ్లు ముందే చెప్పి, పది సైకిళ్లకు తగ్గకుండా, రెండు షిఫ్టుల్లోనూ తీసి, కాగితం మొదట ఆపరేటర్‌కే చూపించారు. ఆలస్యమైన సైకిల్ పక్కన ఎందుకు ఆలస్యమైందో అతనిచేతే చెప్పించి రాశారు. ఆ పక్కన రాసిన మాటల్లోనే మెరుగుదల అంతా ఉంటుంది. సగటు అంకెలో ఏమీ ఉండదు.

పని నేర్పే షీట్లు కూడా దాచుకోదగ్గవి. మూడు గళ్లు: ముఖ్యమైన దశ, కిటుకు, ఎందుకు. బెండింగ్ షీటులో ‘బ్లాంకును బర్ వైపు పైకి పెట్టాలి’ అన్నది కిటుకు. ఎందుకన్న గడిలో, బర్ వంపు లోపలివైపు ఉండాలి, బయటివైపు ఉంటే సాగినప్పుడు అక్కడినుంచే పగులు మొదలవుతుంది అని రాశారు. ఇంతకుముందు కొత్త కుర్రాడికి ‘ఇట్టా పెట్టు’ అనేవాళ్లు, ఎందుకో చెప్పేవాళ్లు కాదు. పని ఒత్తిడిలో తిరగేసి పెట్టేవాడు, పగులు ప్లేటింగ్ అయ్యాక బయటపడేది. ఈ గళ్లలో మొదటి రెండూ, నేర్పడంలో నాలుగు దశలు – సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించి చూడడం, తర్వాత కనిపెట్టి ఉండడం – రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో సూపర్‌వైజర్ల కోసం నడిపిన టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) శిక్షణ నుంచి వచ్చాయి. యుద్ధం తర్వాత అది జపాన్‌కు చేరింది. ‘పనివాడు నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదన్నమాట’ అన్నది వాళ్ల మూలసూత్రం.

సేవ తడబడింది సరిగ్గా అక్కడే. ఆ శిక్షణలో ఒక్కో పాఠానికి రెండేసి గంటల చొప్పున ఐదు తరగతులు, మొత్తం పది గంటలు. ఇక్కడ సూపర్‌వైజర్లకు ఇచ్చింది మొత్తం ఒక గంట. ఆపరేటర్‌కు ఎన్ని తరగతులు పెట్టినా, చీటీ రాసిన మర్నాడు అతనికి ఎదురయ్యేది సూపర్‌వైజరే. ఏదో తేడా కనిపించి ఆపరేటర్ ఎర్ర లైటు వేసి ప్రెస్ ఆపినప్పుడు ‘ఎందుకు ఆపావ్’ అని గొంతు లేచిందా, ఆ లైటు మళ్లీ వెలగదు. ‘ఏం కనిపించింది’ అని అడిగి పార్టు చేతిలోకి తీసుకుంటే వెలుగుతుంది. ఈ రెండు మాటల తేడా అలవాటు కావడానికి సాధన కావాలి. సూపర్‌వైజర్ కష్టమూ చూడాలి మరి. డిస్పాచ్ లారీ ఆలస్యమైతే తిట్లు తినేది అతనే, అతని టార్గెట్‌లో చీటీల జవాబుకు చోటు లేదు. షిఫ్టులో అరగంట చీటీలకు అని అతని పనిలో రాసి, అంతమేర మిగతా పని తగ్గిస్తే తప్ప తీరిక దొరకదు.

ఇక భయం సంగతి. సేవవాళ్ల నెలవారీ రిపోర్టు నమూనాలో ఒక వరుస ఉంది: ‘మ్యాన్‌పవర్ సేవింగ్’, పక్కన రూపాయల్లో. ఆ షీటు బోర్డుమీదికి ఎక్కిందంటే చీటీలు ఆగిపోతాయి. ఇద్దరి పని ఒకరితో అవుతుందని తెలిసినా చెప్పేవాడు ఉండడు, చెబితే పోయేది పక్కనున్న స్నేహితుడో, తానో. టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి 1984లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన న్యూమీ కార్ల ఫ్యాక్టరీలో, 1988లో అమ్మకాలు తగ్గి లైన్ నెమ్మదించినా, మనుషుల్ని పంపేయకుండా శిక్షణలోనూ కైజెన్ పనుల్లోనూ పెట్టారు. అక్కడ తాడు లాగి లైన్ ఆపే ధైర్యం వచ్చింది ఆ నమ్మకంతోనే. చిన్న షాపులో అంత స్థోమత లేదనవచ్చు, కానీ ఇక్కడ ఎటూ మానేసి వెళ్లేవాళ్ల స్థానాలు ఖాళీ అవుతూనే ఉంటాయి. కైజెన్ వల్ల ఎవరినీ తీసేయం, మిగిలిన మనిషిని వేరే పనికి మారుస్తామని ఓనర్ సంతకంతో బోర్డుమీద ఉండాలి. మార్చేటప్పుడు కూడా లైన్‌లో అందరికన్నా నేర్పరిని తీసి టూల్ రూం పక్కన మెరుగుదల పనిలో పెట్టాలి. అప్పుడది శిక్షలా కనిపించదు. కాంట్రాక్టు మనుషులకు కూడా ఈ మాట వర్తించాలి, ప్రెస్సుల దగ్గర సగంపైన నిలబడేది వాళ్లే. ఈ సేవ వాళ్లను శిక్షణలో కూర్చోబెట్టనే లేదు, ఎలాగూ మారిపోతారని.

చీటీకి యాభై రూపాయల బహుమతి కూడా పెట్టారు. ఒకే ఆలోచన మూడు చీటీలుగా చీలింది, అంతే. రెండో నెలలో ఆపేశారు, మంచిదే.

ఖర్చు గురించి: ఉద్యం రిజిస్ట్రేషన్ (కేంద్రం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు) ఉన్న యూనిట్లకు కేంద్రం 2023 మార్చిలో ఎంఎస్ఎంఈ కాంపిటిటివ్ లీన్ స్కీం మొదలుపెట్టింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు, కన్సల్టెంట్ ఫీజులో 90 శాతం ప్రభుత్వం భరించేలా పెట్టారు. ప్రైవేటు సేవకు సంతకం పెట్టేముందు అది ఇప్పుడూ అమల్లో ఉందేమో చూసుకోవడం మంచిది. ఏ దారిలో వెళ్లినా ఒప్పందంలో కొన్ని మాటలు చేర్పించాలి. సూపర్‌వైజర్లకు పది గంటలకు తగ్గని శిక్షణ, అదీ మెషీన్ దగ్గరే. రిపోర్టులో మ్యాన్‌పవర్ సేవింగ్ వరుస ఉండకూడదు, దాని బదులు ‘ఎన్ని చీటీలకు రెండు రోజుల్లో జవాబు వెళ్లింది’ అన్న వరుస ఉండాలి. చివరి రెండు నెలలు బోర్డు మీటింగ్ షాపువాళ్లే నడపాలి, కన్సల్టెంట్ వెనక నిలబడి వినాలి. నెలకు వచ్చే నాలుగు రోజుల్లో ఒకటి రెండో షిఫ్టులో ఉండాలి. ఈ ఆరు నెలల్లో ఆ ఇద్దరూ సాయంత్రం ఆరు దాటాక ఒక్కసారి కూడా ఫ్లోర్‌మీద లేరు, బోర్డులో రెండో షిఫ్టు చీటీలు వేళ్లమీద లెక్కపెట్టేంతే.